ఆడ డాల్ఫిన్ తలుపు

సముద్రానికి బాధ్యత తెలియదు. రోజూ వస్తుంది, రోజూ వెనక్కి పోతుంది. ఎందుకొచ్చిందో చెప్పదు, మినిట్స్ రాసుకోదు, మధ్యలో ఎవరినైనా లాక్కుపోయినా సంతాప తీర్మానం చేయదు. ఇలాంటి దాన్ని ఇన్ని యుగాలుగా పైన అడిగేవాడు లేకుండా ఎలా వదిలేశారో తలచుకుంటే గుండె జారిపోతుంది. ఆ లోటు పూడ్చడానికే మా రేవులో స్థానిక సముద్ర వనరుల కమిటీ పుట్టింది.

కమిటీ లక్ష్యాలు రెండు. తీర ప్రాంత ప్రజలకు సముద్రం గురించి చదువు చెప్పడం ఒకటి, ప్రజలందరినీ కలిపే కార్యక్రమాలు జరపడం ఇంకొకటి. (చదువు చెప్పడానికి తీరిక లేనప్పుడు, చదువు చెప్పబోతున్నామని కార్యక్రమం జరుపుతారు.)

అధ్యక్షుడు ఐస్ ఫ్యాక్టరీ యజమాని. సముద్రంలో పుట్టిన ప్రతి ప్రాణీ చివరికి తన ఐసు మీదికే వస్తుంది కనుక, వాటి మేలు కోరే హక్కు అందరికన్నా తనకే ఎక్కువని ఆయన నమ్మకం. కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ హెడ్మాస్టరుతనం నుంచి కాలేదు. ఎదురుగా నలుగురు కూర్చుంటే చాలు, హాజరు పిలుస్తారు. మిగతా సభ్యులు చేతులెత్తడానికి ఉన్నారు. ఇక ఒక మహిళా ప్రతినిధి ఉండాలని రాసుకున్నారు. ఆమె రేవులో చేపల పని చేసేదై ఉండాలని ఒక నిబంధన, చదవడం రాయడం వచ్చినదై ఉండాలని ఇంకో నిబంధన. ఈ రెండూ రాసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదని తెలుస్తూనే ఉంది. వెతగ్గా వెతగ్గా నేను దొరికాను. ముఖ్య అతిథికి పూలగుత్తి అందించడం నా విధి. అతిథి రాకపోతే ఆ పూలగుత్తి పట్టుకుని నిలబడడం కూడా నా విధే.

కమిటీ ఖాళీగా కూర్చుందని ఎవరూ అనలేరు. 'నేనే చేపనైతే' అని వ్యాసరచన పోటీ పెట్టారు. (మొదటి బహుమతి వచ్చిన వ్యాసంలో చేప తనను వలలో వేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకుంది.) 'తాబేలుతో ఒక సాయంత్రం' జరిపారు. ఆ సాయంత్రం తాబేలుకు వీలుపడలేదు, అధ్యక్షుడే మాట్లాడారు. 'అలల సంగీతం విందాం రండి' అని పిలిచి, బయటి హోరు మైకుకు అడ్డొస్తోందని కిటికీలన్నీ మూయించి, అలల చప్పుడు రికార్డు వేసి వినిపించారు. రికార్డు బాగుంది. మధ్యలో ఎక్కడా కాకి అరవలేదు.

ఈ కార్యక్రమాల కోసమే రేవుకు ఎదురుగా తీర విద్యా కేంద్రం కట్టారు. ముందు పెద్ద హాలు, వెనకవైపు రెండు మరుగుదొడ్లు. తెల్లటి టైల్సు, తిప్పగానే నీళ్ళొచ్చే కుళాయి, లోపలినుంచి పడే గడియ. ఒక తలుపు మీద మగ డాల్ఫిన్ బొమ్మ, ఇంకో తలుపు మీద ఆడ డాల్ఫిన్ బొమ్మ. రెంటికీ తేడా ఏమిటంటే ఆడదానికి కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా గీశారు. (సముద్రంలో అవి ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడుతున్నాయో కమిటీ ఇంకా తేల్చలేదు.) రెండు తలుపులకూ తాళాలు.

రేవులో పడవలు ఆగే చోట కమిటీవారే ఒక బోర్డు నాటారు. 'తీరాన్ని మలినం చేయకండి. మరుగుదొడ్డి వాడండి' అని రాసి, ఎటు వెళ్ళాలో బాణం గుర్తు కూడా వేశారు. బాణం చాలా సరిగ్గా వేశారు. దాని వెంట నేరుగా నడిస్తే తాళం దగ్గరికి చేరతాం.

మగవాళ్ళకు ఇబ్బంది లేదు. వాళ్ళకు తీరమంతా మగ డాల్ఫిన్ తలుపే. ఆడవాళ్ళం వెలుగు రాకముందే రేవుకొస్తాం. పడవలు రాగానే రొయ్యలు వేరు, చేపలు వేరు, పనికిరానివి వేరు ఏరుతూ ఎండ నడినెత్తికి వచ్చేదాకా నీళ్ళలో కూర్చుంటాం. పోవాలంటే మరమ్మతుకు బోర్లించిన పడవల వెనక్కి పోవాలి. ఒకరు కూర్చుంటే ఇంకొకరు పైట అడ్డం పట్టాలి. పడవ బాగయి సముద్రంలోకి వెళ్ళిందంటే దాని సొంతదారుడికి సంతోషం, మాకు గోడ కూలినట్టు.

ఇన్నేళ్ళూ అలాగే గడిచింది. అలాగే గడిచేది కూడా. కానీ నా కోడలికి ఆరో నెల వచ్చింది.

కోడలు ఎనిమిదో తరగతిదాకా చదువుకున్నది. సిగ్గరి. పడవల వెనక్కి మాటిమాటికీ పోలేక నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున బయల్దేరేటప్పుడు గ్లాసు చేతికిస్తే పెదవులు తడిపి కింద పెట్టేది. రెండుసార్లు చలిజ్వరం, పొత్తికడుపులో నొప్పి వచ్చాయి. ఆస్పత్రికి తీసుకెళ్తే నర్సమ్మ దాన్ని ఏమీ అనకుండా నన్ను పట్టుకుంది.

"అత్తవేనా నువ్వు? నీళ్ళు తాగనివ్వట్లేదా దీన్ని?"

"తాగొద్దని నేనెందుకంటానమ్మా? పోయే చోటు లేక అదే తాగట్లేదు."

"బిగబట్టుకుని కూర్చుంటే లోపలంతా చీము పడుతుంది. మళ్ళీ ఇలా వచ్చిందంటే నెలలు నిండకుండానే కాన్పవుతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడవకండి. నీళ్ళు తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్ళాలి. అంతే మందు."

పని మాన్పిద్దామంటే నా కొడుకు పడవ మీద పోతే వారాలకు గానీ రాడు. ఇద్దరం ఏరితేనే పొయ్యి వెలిగేది. నేను వెళ్ళి తాళం సంగతి కమిటీలో అడుగుతానన్నాను. కోడలు నవ్వింది. "పూలగుత్తి పట్టుకుని అడుగుతావా అత్తా?" అంది.

తర్వాతి సమావేశంలో లేచి నిలబడ్డాను. వెనక ఆడ డాల్ఫిన్ తలుపు తాళం తీస్తే రేవులో ఆడవాళ్ళు వాడుకుంటారని చెప్పాను. హెడ్మాస్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"అమ్మా, నీ ఆవేదన అర్థమైంది. కానీ కేంద్రాన్ని కార్యక్రమాలకు మాత్రమే తెరవాలని నిబంధన ఉంది. కార్యక్రమం అంటే ఏంటి? బ్యానరు ఉండాలి, ముఖ్య అతిథి ఉండాలి, ఫోటో ఉండాలి, వందన సమర్పణ ఉండాలి. ఈ నాలుగూ లేకుండా నలుగురు కలిస్తే దాన్ని గుమిగూడడం అంటారు."

"మేం నలుగురం కలిసి పోం సార్. ఒక్కొక్కరమే పోతాం" అన్నాను.

"అది మరీ చిన్న కార్యక్రమం అవుతుంది" అన్నారు అధ్యక్షుడు, సానుభూతిగా.

నాకు తోడుగా వచ్చిన మా తోడికోడలు కిటికీ బయట నిలబడి వింటోంది. ఆమెను రేవులో అందరూ సైరన్ అంటారు. సముద్రం మీద ఉన్న పడవకు ఒడ్డునుంచి ధర చెప్పగలదు. కమిటీవాళ్ళు మైకు కోసం మూసుకున్న కిటికీని తోసి తల లోపలికి పెట్టింది.

"అయితే మేం పోయేదాన్నే కార్యక్రమం అని రాసుకోండి! మీ బ్యానరు తలుపుకు కట్టండి, మీ అతిథిని గుమ్మంలో కూర్చోబెట్టండి, మేం బయటికొచ్చాక వందన సమర్పణ కూడా చేస్తాం!"

సభ్యులు ఆ మాటకు మొహాలు దించుకున్నారు. హెడ్మాస్టరుగారు దించుకోలేదు. ఆయన మొహంలో వెలుగొచ్చింది. ముప్పై ఏళ్ళు బడి నడిపిన మనిషికి ఎవరికో ఏదో రాదని తెలిస్తే వచ్చే వెలుగు అది.

"శిక్షణ!" అన్నారు. "తీర మహిళలకు ప్రయోగాత్మక పారిశుద్ధ్య శిక్షణ. ఈ ఏడాది మహిళల కోసం మనం ఒక్క కార్యక్రమమూ చేయలేదు."

"తాబేలు ఆడదే" అని గుర్తుచేశారు అధ్యక్షుడు.

"అది రాలేదు కదండీ."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఇంటికి పోతూ సైరన్ దారిపొడుగునా కడుపు పట్టుకుని నవ్వింది. "అక్కా, మనకు పోవడం నేర్పుతారంట! ఇన్నాళ్ళూ తెలియకే పోయాం!" నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏ పేరుతో తీస్తే ఏం, తాళం తీస్తారు కదా అని నేను ఎంతో తెలివైనదాన్నని అనుకున్నాను.

శిక్షణ మొదలైన పొద్దున రేవులో ఆడవాళ్ళమంతా చేతులు కడుక్కుని హాల్లో కూర్చున్నాం. బ్యానరు కట్టారు. ముఖ్య అతిథిగా పక్క రేవు కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. నేను పూలగుత్తి ఇచ్చాను. ఆయన నీటి పుట్టుక దగ్గర మొదలుపెట్టి, భూమ్మీద మూడొంతులు నీరేనని చెప్పి, చినుకు ఏరవుతుంది, ఏరు నది అవుతుంది, నది సముద్రం అవుతుందని చేతులతో పారించి చూపించాడు. బిగబట్టుకుని కూర్చున్న సమయంలో నీళ్ళ గురించి అంతసేపు వినడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకు తెలుస్తుంది. నా కోడలు కుర్చీ అంచు పట్టుకుని పైకి చూస్తూ కూర్చుంది. వెనక వరసలో ఒకామె వందన సమర్పణ కాకముందే చప్పట్లు మొదలుపెట్టింది, తొందరగా అయిపోతుందేమోనని.

తర్వాత సిద్ధాంత భాగం. తర్వాత ప్రయోగ భాగం. ప్రయోగానికి హాజరు పట్టీ వరసలో ఒక్కొక్కరినే లోపలికి పంపించారు. హెడ్మాస్టరుగారు మర్యాదగా అటు తిరిగి నిలబడి, 'నిశ్శబ్దం పాటించాలి' అంటూ ఉన్నారు. నా కోడలు లోపలికి వెళ్ళి గడియ వేసుకున్న చప్పుడు నేను విన్నాను. బయటికొచ్చాక దాని మొహం చూశాను. మా ఇంటికి కాపురానికొచ్చాక ఆ పిల్ల అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేను చూడలేదు. కుళాయి దగ్గర నిలబడి దోసిలి పట్టి నీళ్ళు తాగింది, ఇంకా తాగింది.

చివరికి మౌఖిక పరీక్ష. అందులో మా వాళ్ళంతా పాసయ్యారు. నా కోడలు అందరికన్నా ముందు. సబ్బు ఎప్పుడు వాడాలి, ఎందుకు వాడాలి, గడియ ఎటు తిప్పాలి, అన్నీ గడగడా చెప్పేసింది. హెడ్మాస్టరుగారు 'భేష్' అన్నారు. ఒక్క సైరన్ దగ్గరే ఆగింది.

"తలుపు మీద ఏ బొమ్మ ఉంది?"

"చేప సార్."

"డాల్ఫిన్ చేప కాదమ్మా."

"నీళ్ళలో ఉంది, తోకుంది, చేప కాకపోతే మేకా?"

"పిల్లలకు పాలిస్తుంది. క్షీరదం."

"అయితే ఇంకేం సార్, మనిషే. చీర కట్టించండి."

సైరన్ తప్పింది. తీరంలో తప్పిన ఏకైక మహిళగా ఆమెను అందరం ఆటపట్టిస్తూ ఇళ్ళకొచ్చాం.

మర్నాడు పని మధ్యలో కోడలు బాణం గుర్తు వెంట కేంద్రానికి వెళ్ళి, అంతలోనే తిరిగొచ్చింది. వాచ్‌మన్ తాళం తీయలేదట. నేను వెళ్ళి అడిగాను.

"నీ కోడలు పాసైంది కదా పెద్దమ్మా?"

"అయింది. ఫస్టు."

"పాసైనవాళ్ళకు మళ్ళీ అదే శిక్షణ ఇవ్వకూడదంట. ప్రజల సొత్తు వృథా అవుతుందంట. తప్పినవాళ్ళు మాత్రం పాసయ్యేదాకా రోజూ రావచ్చు. నేనేం చేసేది?"

అతను ఆ మాట అంటుండగానే లోపల గడియ తీసిన చప్పుడైంది. ఆడ డాల్ఫిన్ తలుపు తెరుచుకుని సైరన్ బయటికొచ్చింది. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, నిన్న సన్మానం జరిగిన మనిషిలా ఉంది.

"చేపే అంటాను అక్కా" అంది. "చచ్చేదాకా చేపే అంటాను."

అందరికీ పాఠం అర్థమైంది. చదువుకున్నందుకు నా కోడలు పడవల వెనక్కి, చదువు రానందుకు సైరన్ టైల్సు గదిలోకి. ఆ వారంలోనే కోడలు మళ్ళీ నీళ్ళు మానేసింది. పొద్దుటి గ్లాసు మళ్ళీ పెదవుల దగ్గరే ఆగుతోంది. దాని చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు.

"సార్, మా కోడలి మార్కులు మళ్ళీ చూడాలి."

"ఎందుకమ్మా? మంచి మార్కులే వచ్చాయిగా?"

"అదే సార్ బాధ. తగ్గించండి."

ఆయన పేపరు మడిచారు. "ఇన్నేళ్ళ సర్వీసులో మార్కులు వేయమని గుమ్మం తొక్కినవాళ్ళను చూశాను. కాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూశాను. తీసేయమన్న తల్లిని నిన్నే చూస్తున్నాను."

"అత్తను సార్."

"ఓహో" అన్నారు, ఏదో అర్థమైనట్టు. నా కోడలి వైపు జాలిగా చూశారు. "ఇంట్లో బాగానే చూసుకుంటోందామ్మా?"

"మా అత్త బంగారం సార్" అంది కోడలు. "నిజంగానే నాకేం గుర్తులేదు. అన్నీ మర్చిపోయాను. కడుపుతో ఉన్నాను కదా, ఏదీ తలలో నిలవట్లేదు."

మరచిపోయినవారికి పునశ్చరణ ఇవ్వవచ్చని నిబంధనల్లో ఉందట. కానీ మరచిపోయినట్టు రుజువు కావాలి. ఆయన నిటారుగా కూర్చున్నారు.

"మరుగుదొడ్డి ఎందుకు వాడాలి?"

"దేన్ని సార్?"

"మరుగుదొడ్డిని."

"అదెక్కడుంటుంది సార్?"

"సబ్బు దేనికి?"

కోడలు చాలాసేపు ఆలోచించింది. "దోమలకా?" అంది.

హెడ్మాస్టరుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఆయన మీద నిజంగా జాలేసింది. అంత బాగా చెప్పిన పిల్ల, ఇంత కొద్ది రోజుల్లోనే ఇలా అయిపోయింది. తన చేత్తోనే ఫస్టు మార్కు కొట్టేసి సున్నా వేశారు. దారిలో కోడలు, "ఎలా చెప్పాను అత్తా?" అని అడిగింది. "దోమల దగ్గర మరీ ఎక్కువైంది" అన్నాను. ఇంటికి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆ తర్వాత మా రేవుకు మతిమరుపు అంటుకుంది. ఒక్కొక్కరుగా వెళ్ళి మరచిపోయామని చెప్పుకున్నారు. ఒకామె గడియ అంటే ఏమిటో మరచిపోయింది. ఒకామె కుళాయి చూసి భయపడింది. పెళ్ళి చేసుకోబోయే ఒక పిల్ల మరీ ఉత్సాహపడి తన పేరు కూడా మరచిపోతే, అది సిలబస్‌లో లేదని చెప్పి పంపించారు. మహిళా ప్రతినిధిగా నాకు మినహాయింపు ఉంటుందేమోనని అడిగాను, లేదన్నారు. నేనూ తప్పాను. ఈ వయసులో తప్పడం తేలికే, ఎవరూ అనుమానించరు.

అవి మంచి రోజులు. వాచ్‌మన్ పొద్దున్నే తాళం తీసేవాడు. బ్యానరు ఒకటే కావడంతో అలాగే వేలాడేది. ముఖ్య అతిథి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి కనుక ముందు వెళ్ళొచ్చినామె తర్వాతామెకు ముఖ్య అతిథి. పూలగుత్తి ప్లాస్టిక్‌ది, ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారేది. అన్ని నిబంధనలూ పాటించాం. మా కార్యక్రమాల సంఖ్య చూసి పై కమిటీవాళ్ళు నోరు వెళ్ళబెట్టారట. దేశంలో ఏ తీరంలోనూ ఇన్ని లేవట.

కోడలు చెంబుడేసి నీళ్ళు తాగేది. మొహం తేరుకుంది. జ్వరం మళ్ళీ రాలేదు. నర్సమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "ఇదే మందని చెప్పానా?" అని తనను తాను మెచ్చుకుంది. "ఎక్కడికి పోతున్నావు మరి?" అని అడిగితే, "బడికి" అంది కోడలు.

ఇలా నెలలు నిండుతుండగా కమిటీ వార్షికోత్సవం వచ్చింది.

పై కమిటీవాళ్ళు వస్తున్నారన్నారు. లక్ష్యం ఎంత, సాధించింది ఎంత అని అడుగుతారట. సమావేశంలో హెడ్మాస్టరుగారు తల పట్టుకుని కూర్చున్నారు. కార్యక్రమాలు లెక్కకు మించి ఉన్నాయి. హాజరు పూర్తిగా ఉంది. ఉత్తీర్ణత మాత్రం సున్నా.

"నా బడిలో ఎప్పుడూ సగానికి తగ్గలేదు" అన్నారు. "అందరికన్నా మొద్దు పిల్లలకు కూడా ఏదో ఒకటి ఎక్కించి పంపాను. ఇక్కడ రోజూ చెప్తున్నాను, రోజూ చేయిస్తున్నాను. రోజూ మర్చిపోతున్నారు."

"ఇంకొంచెం టైమివ్వండి సార్" అన్నాను. "నేర్చుకోవాలనే ఉంది అందరికీ."

"ఇవ్వాలనే ఉందమ్మా. పై వాళ్ళకు ఏం చెప్పను?"

అధ్యక్షుడు గడ్డం గోక్కుని, వ్యాపారంలో అలవాటైన పద్ధతిలో, "కొంచెం కలిపి తూకం వేస్తే సరిపోదూ?" అన్నారు. హెడ్మాస్టరుగారు మెల్లగా తలెత్తారు. ఆ వెలుగు మళ్ళీ వచ్చింది. ఆ వెలుగు చూసి నేను కుర్చీలోంచి సగం లేచాను.

వార్షికోత్సవానికి హాలు నిండింది. కిటికీలు మూశారు. కొత్త బ్యానరు కట్టారు. నా కోడలు పక్కనే కూర్చుంది. నెలలు నిండడంతో మాటిమాటికీ లేవాల్సి వస్తోంది. అధ్యక్షుడు సముద్రం మన తల్లి అన్నారు. పై కమిటీ నుంచి వచ్చినాయన సముద్రం మన తండ్రి కూడా అన్నాడు. తర్వాత హెడ్మాస్టరుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మన మహిళలు చదువులో వెనకబడ్డారని బాధపడే రోజులు పోయాయి. వారి హాజరునూ శ్రద్ధనూ వయసునూ దృష్టిలో పెట్టుకుని, కమిటీ ఉదారంగా గ్రేస్ మార్కులు కలిపింది. తప్పిన ప్రతి ఒక్కరూ పాసయ్యారు. నూటికి నూరు!"

హాలు దద్దరిల్లింది. పై కమిటీవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా వరసలో ఒక్క చెయ్యి కదల్లేదు.

"నేను చేప అన్నానుగా!" అని అరిచింది సైరన్. "నిన్న కూడా చేపే అన్నాను! రాసుకోండి, చేప!"

"డాల్ఫిన్ విషయంలో మీకు ఐదు మార్కులు కలిపాం అమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు, ఆప్యాయంగా.

నేను నిలబడ్డాను. పూలగుత్తి చేతిలోనే ఉంది. "సార్, మరి రేపట్నుంచి తాళం?"

"తాళం దేనికమ్మా?"

"తీయడానికి."

ఆయన నన్ను చూసి నవ్వారు. బడి విడిచి వెళ్ళే ఆఖరి తరగతి పిల్లలను చూసి నవ్వే నవ్వు. "నేర్చుకున్నవాళ్ళకు ఇంకా బడి ఎందుకమ్మా? ఈ శిక్షణ ఇక నేర్చుకోనివాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పక్క రేవువాళ్ళు ఎదురుచూస్తున్నారు. బ్యానరు నిన్ననే పంపించేశాం."

సర్టిఫికెట్లు పంచడం మొదలైంది. అందరికన్నా ముందు నా కోడలినే పిలిచారు. ఒకసారి ఫస్టున పాసై, అంతా మరచిపోయి, మళ్ళీ పాసైన ఏకైక మహిళ అని పరిచయం చేశారు. అద్దం కట్టించిన సర్టిఫికెట్ అది, బరువుగా ఉంది. కోడలు ఫోటోకు నిలబడింది. ఒక చేత్తో సర్టిఫికెట్, ఇంకో చెయ్యి పొట్ట కింద. ఇంకొక్కటి తీస్తామన్నారు. ఇంకొక్కటి కూడా తీశారు.

మెట్లు దిగి నా దగ్గరికొచ్చేసరికి దాని పై పెదవి మీద చెమట పట్టింది.

"అత్తా, ఇక నావల్ల కాదు."

ఇద్దరం వెనక్కి పరుగులాంటి నడక నడిచాం. ఆడ డాల్ఫిన్ తలుపుకు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"తియ్యవయ్యా, పిల్ల పరిస్థితి చూడు."

"తీసేవాణ్ణే పెద్దమ్మా. కానీ పాసైపోయింది కదా" అన్నాడు. అతనికి నిజంగానే బాధగా ఉంది. "అభినందనలమ్మా" అని కోడలితో కూడా అన్నాడు.

కోడలు సర్టిఫికెట్ నా చేతిలో పెట్టింది. మళ్ళీ హాల్లోంచే పోవాలి, బయటికి దారి అదే. జనం మధ్యలోంచి, వేదిక ముందునుంచి, చేత్తో పొట్ట పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా ముందు తలుపు తీసుకుని బోర్లించిన పడవల వైపు ఇసుకలో నడిచింది. నేను వెనకాలే వెళ్ళబోయాను, పైట అడ్డం పట్టాలి కదా. అధ్యక్షుడు మైకులో నన్ను ఆగమన్నారు. పై కమిటీవాళ్ళకు తలుపులోంచి కనిపిస్తున్న నా కోడలిని చేయెత్తి చూపించారు.

"చూడండి. మన శిక్షణ పొందిన మహిళ. ఇంక ఎవరి సాయమూ అక్కర్లేదు, తనంతట తానే వెళ్తోంది."